అమరాపురమునకు సైకిలు యాత్ర

ప్రయాణములు పలువిధములు. రైలులో పోవువాడు దేశమును కిటికీ కొలదిగా చూచును. మోటారులో పోవువాడు మైలురాళ్లను మాత్రము లెక్కించును. కాలినడకను పోవువాడు సమస్తమును చూచునుగాని దినమునకు పోగల దూరము స్వల్పము. ఈ మూటికిని నడుమ సైకిలు అను వాహన మొకటి కలదు. దానికి మేత అక్కరలేదు, చమురును అంతగా నక్కరలేదు. త్రోవలో ఎవరైన పలుకరించినచో ఒక కాలు నేల మోపి బదులు చెప్పవచ్చును. ఈ చివరి గుణమును మేము మొదట గొప్పదిగా నెంచలేదు. దాని విలువ యెట్లు తెలిసినదో చెప్పుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

సైకిలు చరిత్రను బాలబాలికలు కొంత యెరిగియుండుట మంచిది. 1817వ సంవత్సరమున జర్మనీ దేశస్థుడగు కార్ల్ వాన్ డ్రైస్ అనునతడు రెండు చక్రముల కొయ్యబండి నొకదానిని చేసెను. దానికి తొక్కుడు లేదు. కూర్చుండి కాళ్లతో నేలను తన్నుచు పోవలసినదే. 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ ఇంచుమించు సమానమైన రెండు చక్రములును, వెనుక చక్రమును త్రిప్పు చెయినును గల సైకిలును సిద్ధపరచెను. 1888లో జాన్ బాయిడ్ డన్లప్ గాలి నింపిన రబ్బరు టైరునకు పేటెంటు పొందెను. నేడు మన వీధులలో తిరుగు సైకిలు ముఖ్యాంశములలో ఆ నాటి రూపమునే కలిగియున్నది.

ఈ క్రొత్త వాహనముపై మన దేశమును చుట్టివచ్చిన దంపతు లుండిరి. అమెరికా దేశీయులగు విలియం హంటర్ వర్క్‌మన్ అను వైద్యుడును, ఆయన భార్య ఫానీ బుల్లక్ వర్క్‌మన్ అను నామెయు, 1897వ సంవత్సరాంతమున సింహళమునకు వచ్చి, అటుపిమ్మట హిందూదేశపు మైదానములలో వేలకొలది మైళ్లు సైకిళ్లపై తిరిగి, ప్రాచీన దేవాలయములను శిల్పములను చూచిరి. 1904లో వారు ప్రకటించిన గ్రంథపు పేరులోనే పదునాలుగువేల మైళ్ల ప్రయాణమని యున్నది. ఆ కాలమున స్త్రీ సైకిలెక్కుటయే వింత. ఆమె పిమ్మట హిమాలయముల నెక్కి, 1912లో సియాచిన్ హిమానీనదముపై స్త్రీలకు వోటుహక్కు కావలెనను పత్రికను చేతబట్టుకొని ఛాయాపట మెత్తించుకొనెను.

ఈ సంగతిని మేము ఒకనాటి సాయంకాలము మా గృహిణికి చెప్పితిమి. ఆమె మా పాఠశాల వసతిగృహమున బాలికల సంరక్షకురాలు. అన్నియు విని, “ఆమె ఎన్నవ యేట నేర్చినది?” అని మాత్రము అడిగెను. మరునాటినుండి పాఠశాల క్రీడాస్థలమున తాను నేర్వనారంభించెను. ఎనిమిదవ తరగతి బాలికలిద్దరు వెనుక క్యారియరు పట్టుకొని పరుగెత్తుచుండ, నలువదియేండ్లు దాటిన ఆమె ముందు చక్రము ఎటు తిరిగిన అటు పోవుచుండెను. క్రీడాస్థలమున ఒకే యొక వేపచెట్టు కలదు. మిగిలిన స్థలమంతయు విడిచి ఆమె సైకిలు ఆ చెట్టునే వెదకుకొని పోవుచుండెను. మోకాళ్లు రెండుమార్లు పగిలెను. మూడు వారములకు చెట్టును తప్పించుకొనుట యలవడెను. అప్పుడు ఆమె తాను కూడబెట్టిన సొమ్ముతో స్త్రీల సైకిలు నొకదానిని కొనుక్కొనెను.

గడచిన క్రిస్మస్ సెలవులలో మే మిరువురమును యాత్ర చేయవలెనని నిశ్చయించుకొంటిమి. హిందూపురమునుండి లేపాక్షికి పోయి, అచ్చట 16వ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమునాటి విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయమును, ఏకశిలా నందిని చూచుట. పిమ్మట పెనుకొండకు పోయి, 1565లో రక్కసతంగడి యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన ఆ దుర్గమును గగనమహలును దర్శించుట. అటనుండి పట్టుచీరలకు పేరుగన్న ధర్మవరము చేరి రైలులో ఇల్లు చేరుట. ఇది మేము కాగితముపై వ్రాసికొన్న క్రమము. ఆ కాగితమును మా గృహిణి చదివి బల్లమీద నుంచి యిట్లనెను:

“ఏమండీ, లేపాక్షి బసవన్న నాలుగువందల యేండ్లకు పైగా అక్కడనే కూర్చుండి యున్నాడు. వచ్చే సెలవులకును అక్కడనే యుండును. మనము అమరాపురమునకు పోదము.”

ఎందులకని మేము అడుగలేదు. ఎందులకో మాకు తెలియును.

చదువరులకు ఇచ్చట ఒక సంగతి చెప్పవలసియున్నది. అమరాపురమునకు చేరువనున్న యొక పల్లెనుండి తొమ్మిదవ తరగతి బాలిక యొకతె మా వసతిగృహమున నుండి చదువుకొనుచుండెను. మడకశిర, అమరాపురము ప్రాంతములకు మూడువైపుల కర్ణాటక దేశమున్నది. అచ్చట పెక్కిండ్లలో కన్నడమే తల్లిభాష. ఈ బాలికయు కన్నడపు ఇంట పుట్టినదే. లెక్కలలో మొదటి మువ్వురిలో నుండెడిది. ఆగస్టు నెలలో ఒకదినము మేము తరగతికి ‘ఆవు’ అను విషయముపై వ్యాసము వ్రాయుమంటిమి. ఆమె, “ఆవు మనకు హాలు ఇచ్చును” అని వ్రాసెను. కన్నడమున పాలను హాలు అందురు. తొందరలో ఇంటి మాట కలములోనికి వచ్చినది, అంతే. దానిని మేము ఎర్ర సిరాతో దిద్ది పుస్తక మిచ్చివేసినచో ఏమియు లేకపోయెడిది. కాని మేము ఆ వాక్యమును తరగతిలో బిగ్గరగా చదివితిమి. “హాలు ఇచ్చు ఆవు ఏ యూరిదమ్మా, మేమును ఒకటి కొనుక్కొందుము” అంటిమి. తరగతియంతయు నవ్వెను. మేమును నవ్వితిమి.

మేము అని వ్రాయుట పత్రికా మర్యాద. ఈ వ్యాసపు చిత్తుప్రతిని చదివిన మా గృహిణి, ఈ యొక్క చోట ఆ మాటలో తనకు భాగము లేదని స్పష్టముగ చెప్పినది. అది న్యాయమే గనుక ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆ దినమునుండి బాలురు ఆమెను ‘హాలు’ అని పిలువసాగిరి. ఆ సంగతి మాకు తెలియదని చెప్పుటకు వీలులేదు. ఒకటి రెండు మార్లు మా చెవిని బడెను. పిల్లల పరిహాసము నాలుగు దినములలో అణగునని యూరకుంటిమి. దసరా సెలవులకు ఇంటికి పోయిన బాలిక మరల రాలేదు. తండ్రికి రెండు జాబులు వ్రాసితిమి, బదులు లేదు. టెలిఫోనులో పిలువగా, “అమ్మాయి రానంటుంది సార్” అని ఒక్కమాట చెప్పి ఆయన ఊరకుండెను. ఆమె వ్యాసపు పుస్తకము మా బీరువాలో నుండిపోయెను. బీరువా తెరచినప్పుడెల్ల అది పైననే కనబడుచుండెను.

కావున లేపాక్షి కాగితము మడిచి, క్రిస్మస్ పండుగ ముగిసిన మూడవనాడు తెల్లవారుజామున ప్రార్థన చేసికొని, సైకిళ్లెక్కితిమి. బస్సులో పోవచ్చును గదా యని మేము ఒకమారు అనకపోలేదు. “బస్సులో పోయినచో మూడుగంటలలో చేరి, పది నిమిషములలో మాటలాడి, మరు బస్సుకు వత్తుము. అట్లు పోవలసిన పని కాదు” అని ఆమె బదులిచ్చెను.

సామగ్రి స్వల్పము. రెండు దుప్పట్లు, రెండు జతల బట్టలు, గాలిపంపు, పంక్చరు సామాను, నీళ్లు, వేరుసెనగ ఉండలు, ఆ వ్యాసపు పుస్తకము. హిందూపురమునుండి మడకశిర మీదుగ అమరాపురము డెబ్బది కిలోమీటర్లకు తక్కువ గాని త్రోవ. అలవాటు లేని కాళ్లకు రెండు దినములు కావలెనని లెక్కించితిమి.

పట్టణము దాటగనే చలిగాలి ముఖమునకు తగిలెను. పెన్న యిసుకతోనే మమ్ము పలుకరించెను. కన్నడదేశమున నందికొండల ప్రాంతమున పుట్టి హిందూపుర సీమలో మన రాష్ట్రము ప్రవేశించు ఈ నది ఇచ్చట సంవత్సరములో పెక్కు నెలలు ఎండియే యుండును. సాలీనా వాన స్వల్పముగ పడు నేల యిది. పడమటి కనుమల నీడలోనుండుటచేత నైరృతి మేఘములు ఇచ్చటికి వచ్చుసరికి వట్టిచేతులతో వచ్చును. తూర్పు సముద్రపు మేఘములు ఇంత లోపలికి వచ్చుసరికి అలసిపోవును. ఐనను రైతు ఊరక కూర్చుండలేదు. వేరుసెనగ త్రవ్విన చేలు, కంది, ఆముదము, మల్బరీ తోటలు, నడుమ నడుమ గుట్టలు, ఆ గుట్టలపై ఒకదానిపై నొకటి యెవరో పేర్చినట్లున్న బండలు. చింతచెట్ల నీడలు త్రోవపై పడుచుండెను.

ఆ దినములలో రాగి నూర్పిళ్లు జరుగుచుండెను. పల్లె జనులు కోసిన రాగివెన్నులను తారురోడ్డుపైననే పరచుదురు. పోవు బండ్ల చక్రములే నూర్చును. మోటార్లవారు విసుగుకొనుచు పోవుచుండిరి. మేమును ఆ గడ్డిమీదుగ పోవలసివచ్చెను. పచ్చిగడ్డి మా చెయినుకు చుట్టుకొని చక్రము బిగిసిపోయెను. ఒక ముసలి రైతు నవ్వుచు వచ్చి కొడవలి మొనతో ఆ గడ్డిని తీసి, “మా పని మీతో చేయించుకొంటిమి సామీ, మీ పని మేము చేయవద్దా” అనెను.

మధ్యాహ్నము తుమ్మముల్లు మా గృహిణి వెనుక చక్రమున దిగెను. మా పంక్చరు సామాను తీసి అరగంట కుస్తీపట్టితిమి. పట్టీ అతుకుకొనలేదు. పుస్తకము చూచి నేర్చిన పని అట్లే యుండును. సైకిళ్లు నడిపించుకొనుచు ప్రక్క యూరి దుకాణము చేరితిమి. దుకాణదారు పదునెనిమిదేండ్ల బాలుడు. ట్యూబును నీళ్ల తొట్టెలో ముంచి బుడగలను చూచి, గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, “ఇప్పుడు ఆరనియ్యవలె సార్. తడి మీద అతికితే నిలువదు” అని చేతులు కట్టుకొని కూర్చుండెను. మేము చేసిన తప్పు అదియే. ఆరకముందే అతికించితిమి. ఏ తరగతి వరకు చదివితివని అడిగితిమి. ఏడవ తరగతిలో మానివేసినానని చెప్పెను. ఎందులకని అడుగుటకు ఆ దినమున మాకు ధైర్యము చాలలేదు.

ఆ రాత్రి మడకశిరలో పరిచయస్థుల యింట బసచేసితిమి. మరునాడు ప్రొద్దు పొడుపుతో కొండక్రింది ఊరిని విడిచి పడమటిత్రోవ పట్టితిమి. కాళ్లు మొదటి గంట మొరాయించి పిదప దారికి వచ్చెను. పోవుకొలది చెవినిబడు భాష మారసాగెను. మొదట తెలుగులో కన్నడము కలిసెను; పిదప కన్నడములో తెలుగు కలిసెను. వక్కతోటలు కనబడుచుండెను. ఎండిన నేలల నడుమ, గొట్టపుబావుల నీటితో బ్రతుకు ఆ సన్నని పొడవైన చెట్ల వరుసలు చూచుటకు చల్లగా నుండెను.

త్రోవలు చీలినచోట మేము దారి యడుగవలసివచ్చెను. అప్పుడు మాకు వచ్చిన కన్నడమెంతో తెలిసినది. ఒక అరుగుపై కూర్చున్న పెద్దలను, “అమరాపుర ఎల్లిగె?” అంటిమి. “ఎల్లి” యనగా ఎక్కడ, “ఎల్లిగె” యనగా ఎక్కడికి. మేము అడిగినది ‘అమరాపురము ఎక్కడికి’ అని! ఊరు ఎక్కడికి పోవును? ఐనను ఆ యరుగుపై నున్న నలుగురిలో ఒక్కడును నవ్వలేదు. ఒకడు లేచి చేయి చాచి త్రోవ చూపెను. మరియొకడు మజ్జిగ తెప్పించి, “కుడియిరి” అనెను. ఆ మాట అర్థముకాక మేము కుడివైపునకు తిరిగి చూచితిమి. కుడియుటయనగా త్రాగుట. అప్పుడును నవ్వలేదు, చెంబు చేతికిచ్చి మా గృహిణికి సైగ చేసెను. ఆమె త్రాగి మాకిచ్చి, మరల సైకిలెక్కిన తరువాత మెల్లగా, “వారు మిమ్ము ఏ యూరి యావు అని అడుగలేదు” అనెను. మేము మారుమాటాడక తొక్కితిమి.

ఆ పల్లె చేరునప్పటికి మధ్యాహ్నము రెండుగంటలు దాటినది. బాలిక ఇంటి ముంగిట పందిరిక్రింద ఆరేడుగురు స్త్రీలు కూర్చుండి పచ్చి వక్కకాయలు ఒలుచుచుండిరి. ఒక్కొక్కరి యెదుట పీటకు బిగించిన వంపు కత్తి. కాయను దానిపై నొక్కి త్రిప్పగనే చెక్కు ఊడి గింజ చేతిలోనికి వచ్చును. ఆ గింజలను కాగులో ఉడకబెట్టి ఎండలో ఆరబోయుదురు. ఆ స్త్రీలలో చివర బాలిక కూర్చుండి యుండెను. వక్కరసముతో వ్రేళ్లు నల్లబారి యుండెను. మమ్ము చూచి లేచి నిలిచెను. నమస్కారము చేయబోయి, చేతులు మురికియని వెనుకకు తీసికొనెను.

త్రోవపొడవునను మేము ఒక యుపన్యాసము సిద్ధపరచుకొంటిమి. విద్యయొక్క ప్రయోజనము, ఉపాధ్యాయుని వాత్సల్యము, పిల్లల పరిహాసమును లక్ష్యపెట్టరాదను నీతి, అన్నియు వరుసగ నుండెను. ఆ నల్లని వ్రేళ్లను చూచినంతనే అదంతయు మరపునకు వచ్చెను. తండ్రి మంచము వాల్చెను. మేము కూర్చుండక, ఆయన యెదుటను ఆ స్త్రీల యెదుటను బాలికతో, “తప్పు నన్నదు అమ్మా” అంటిమి. తప్పు నాది యని దాని యర్థము. కన్నడమున మేము తప్పులేకుండ పలికిన వాక్యము ఆ దినమున అదొక్కటియే. తప్పు అను మాట రెండు భాషలలోను ఒక్కటే యగుటచేత అది సులభమైనది.

ఆమె ఏమియు అనలేదు. లోపలికి పోయి కొంతసేపునకు రెండు లోటాలతో వచ్చెను. “పాలు, సార్” అనెను. ‘పా’ యను అక్షరమును ఎంత జాగ్రత్తగా పలికినదో! పలుకునప్పుడు మా ముఖమును చూచుచుండెను. నాలుగునెలలుగా ఆ యక్షరమును ఆమె మోయుచున్నదని మాకప్పుడు తెలిసెను. లోటా పుచ్చుకొని, “హాలు చెన్నాగిదె” అంటిమి. ఆమె తల వంచుకొనెను. నవ్వినదో ఏడ్చినదో మాకు తెలియదు. మా గృహిణి ఆమెను పట్టుకొని లోపలికి తీసికొనిపోయెను. మేము ఆ స్త్రీల వద్ద కూర్చుండి వక్క ఒలుచుట నేర్వబోయి వ్రేలు కోసికొంటిమి. అందరును నవ్విరి. అది న్యాయమైన నవ్వు.

రాత్రి రాగిముద్దయు, అనపగింజల పులుసును వడ్డించిరి. మార్గశిర పుష్యములలో ఆ సీమయంతయు అనపకాయల కాలము. గింజలను నానబెట్టి, వ్రేళ్ల నడుమ నొక్కి పైతోలు తీసి వండుదురు. మన వైపున దానిని పితికిన పప్పు అందుము. బాలిక అవ్వ దానిని “హితకిద బేళె” అనెను. మేము ఆలోచించితిమి. పాలు – హాలు. పితుకు – హితుకు. పూవు – హూవు. పులి – హులి. పండు – హణ్ణు. ఇది తొందరపాటు తప్పు కాదు, ఇందులో క్రమమున్నది. ఉపాధ్యాయ కళాశాలలో ఈ పాఠమును మేము చదివి పరీక్ష వ్రాసినవారమే. పూర్వము కన్నడమునను ఆ మాటల మొదట పకారమే యుండెననియు, కాలక్రమమున అది హకారమైనదనియు వ్రాసి మార్కులు తెచ్చుకొంటిమి. పరీక్షకాగితములోనున్నది పిల్ల పుస్తకములో కనబడినప్పుడు గుర్తింపలేకపోతిమి.

మరునాడు బాలిక తానే హేమావతిని చూపెదనని బయలుదేరెను. ఆమె మా గృహిణి సైకిలుపైనను, మా గృహిణి మా క్యారియరుపైనను ఎక్కిరి. బాలికకు తొక్కుట ఎవరును నేర్పనక్కరలేకపోయెను. ఆమె ముందు పోవుచుండ మేము రొప్పుచు వెంబడించితిమి. త్రోవలో కన్నడపు పలకలు వచ్చినప్పుడు ఆమె ఆగి చదివి చెప్పుచుండెను. మేము చదువలేని దానిని మా శిష్యురాలు చదువుచుండెను.

అమరాపురము మండలములోని హేమావతి ఇప్పుడు చిన్న గ్రామము. 8వ శతాబ్దము మొదలు 11వ శతాబ్దము వరకు ఈ సీమ నేలిన నొళంబ పల్లవులకు అది రాజధాని. అచ్చటి దొడ్డేశ్వరాలయమున నల్లరాతి గవాక్షములు కలవు. తీగెల మెలికల నడుమ దేవతామూర్తులను నిలిపి, వెలుతురు లోనికి వచ్చునట్లు రాతిని తొలిచిరి. ఎదుట నున్నని పెద్ద నంది. సిద్ధేశ్వరాలయమున శివుడు లింగరూపమున గాక మనుష్యరూపమున కూర్చుండి యున్నాడు. ఇచ్చటినుండి తీసికొనిపోయిన కొన్ని శిల్పములు చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలలో నున్నవి. మతము వేరైనను పనితనమునకు తల వంచని మనుష్యుడుండడు.

ఆ గవాక్షముల యెదుట నిలిచి మేము బాలికకు ఒక సంగతి చెప్పితిమి. హేమావతికి పూర్వపు పేరు హెంజేరు. అంతకు పూర్వపు శాసనములలో అదియే పెంజేరు. రాజధాని పేరే పకారమును విడిచి హకారమును ధరించినది. ఏ గురువును దానిని తరగతిలో నిలువబెట్టి పరిహసింపలేదు. తెలుగు కన్నడ లిపులు రెండును ఒక తల్లి బిడ్డలు. మాటలును అట్టివే. “నీవు వ్రాసినది ఒక పాఠమునకు తగిన మాట. ఆ పాఠమును మేము చెప్పవలసియుండి చెప్పలేదు” అంటిమి. ఆమె సావధానముగ విని, “అట్లయితే ఆ దినము మార్కు ఎందుకు తీసినారు సార్?” అనెను. లెక్కలలో దిట్టయని ముందే చెప్పితిమి. సంచిలోని పుస్తకము తీసి, తగ్గించిన మార్కును అచ్చటనే కలిపితిమి. తెలుగు వ్యాసమున తెలుగు మాట వ్రాయవలెనన్నది నిజమే. దానిని దిద్దుటయు మా పనియే. కాని దిద్దుట వేరు, నవ్వుట వేరు.

ఇంతవరకు చదివినవారు బాలిక మాతో మరల వచ్చినదని తలంతురు. ఆమె రాలేదు. తండ్రి సమ్మతించెను, తల్లియు సమ్మతించెను, బాలిక సమ్మతింపలేదు. “మీమీద కోపము లేదు సార్. అమరాపురములో చదువుకొంటాను. ఇక్కడ నన్ను పేరుతో పిలుస్తారు” అనెను. మేము మరల బలవంతపెట్టలేదు. ఆ మాట మా పాఠశాలకు గౌరవము కాదు; ఐనను ఈ పత్రికలో దానిని దాచుట అంతకన్న అగౌరవమని తలంచితిమి.

అయినచో దసరానుండి అచ్చటనే యేల చేరలేదని అడుగగా తండ్రి చెప్పెను: పల్లెకు బడి నాలుగైదు కిలోమీటర్ల దూరము; బస్సు వచ్చు వేళయు బడి వేళయు కలియవు; ఆడపిల్ల ఒంటరిగా తోటలగుండ నడచిపోవుట ఇష్టము లేదు. ఈ చిన్న దూరమే దేశమున ఎందరు బాలికల చదువును నిలిపివేసినదో! 2006వ సంవత్సరమున బీహారు ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు ఇప్పించుట ఆరంభించెను. పిమ్మట పరిశోధకులు విచారింపగా, ఉన్నత పాఠశాలలలో చేరు బాలికల సంఖ్య చక్కగా పెరిగెననియు, బడి మూడు కిలోమీటర్లకు మించి దూరమున్న యూళ్లలో ఆ ఫలము హెచ్చుగ కనబడెననియు తెలిసినది. మన రాష్ట్రమునను బాలికలకు సైకిళ్లిచ్చు పథక మొకటి నడచినది.

తండ్రి మాట ముగియకముందే మా గృహిణి పందిరి గుంజకు ఆనించిన తన సైకిలు వంక చూచుచుండెను. మూడేండ్లు కూడబెట్టిన సొమ్ము అది. పగిలిన మోకాళ్లు ఆమెవి. మమ్ము ఒక్కమాటయు అడుగలేదు. అడుగవలసిన పనియు లేదు. లేచి తాళపుచెవిని బాలిక చేతిలో పెట్టి, “వారమునకు ఒకమారు చెయినుకు నూనె వేయవలె. ముల్లు దిగితే సొల్యూషను ఆరినదాక పట్టీ వేయవద్దు” అని చెప్పెను. తండ్రి వలదని చాలసేపు వాదించెను. చివరకు రెండుకిలోల వక్కలు మూటగట్టి మా సైకిలుకు కట్టెను. ఆ ఋణము తీర్చుకొనకుండ ఆయనకు నిద్ర పట్టదని తెలిసి పుచ్చుకొంటిమి. మే మిరువురమును వక్కలు నమలువారము కాము.

తిరుగు ప్రయాణము బస్సులో జరిగినది. ఒక్క సైకిలును బస్సు పైన కట్టిరి. కిటికీలోనుండి చూచుచుండ, రెండు దినములు మేము తొక్కిన త్రోవ రెండు మూడు గంటలలో వెనుకకు పరుగెత్తెను. పంక్చరు దుకాణమును గుర్తించితిమి; ఆ బాలుడు ఎవరిదో చక్రము త్రిప్పుచుండెను. మజ్జిగ ఇచ్చిన యరుగు కనబడలేదు. సెలవులు ముగియగనే ప్రధానోపాధ్యాయులతో సంగతి యంతయు విన్నవించి బదిలీ పత్రమును వ్రాయించి పంపితిమి. తరువాత తొమ్మిదవ తరగతిలో నిలిచి, ఆ దినమున మేము నవ్విన నవ్వు తప్పని పిల్లలకు చెప్పితిమి. మొదట వారును నవ్విరి. పిదప నిశ్శబ్దముగ నుండిరి. హాలు పాలు పాఠమును ఆ గంటలోనే చెప్పితిమి.

విద్యార్థులారా, యాత్రకు పోవువారు చూచివచ్చినవానిని వర్ణించుట వాడుక. మేము చూచినది స్వల్పము. లేపాక్షి చూడలేదు, పెనుకొండ చూడలేదు. మీలో ఎవరైన సైకిలుపై ఆ త్రోవను పోదురేని తుమ్మముళ్ల విషయమై జాగ్రత్తగ నుండుడు. దారి యడుగుటకు సిగ్గుపడకుడు. మీ మాట వినువారు నవ్వకుండుట చూచి, మీరును ఇంటికి వచ్చిన తరువాత అట్లే యుండుడు. తలిదండ్రులకు మా మనవి యొకటి కలదు. పిల్లవాడు బడికి పోనని మొండికెత్తినప్పుడు, వానిని కొట్టుటకు ముందు మమ్ము వచ్చి అడుగుడు. తప్పు మాయందే యుండవచ్చును.

ఈ వ్యాసమును ముగించుచుండగా బాలికయొద్దనుండి జాబు వచ్చినది. సగము తెలుగు, సగము కన్నడము. కన్నడపు భాగమును మేము మెల్లగా కూడబలుకుకొని చదువుకొంటిమి. అర్ధవార్షిక పరీక్ష తప్పిపోయినను వార్షిక పరీక్షకు కూర్చుండనిత్తురట. వారి యావు ఈనినదట. హాలు బాగుగ నిచ్చుచున్నదట. ఆ మాటను తెలుగు భాగములోనే వ్రాసినది. సైకిలు వెనుక బ్రేకు రబ్బర్లు అరిగినవనియు, అమరాపురములో ఆ కొలతవి దొరకలేదనియు మా గృహిణికి వ్రాసినది. జత కొని యుంచితిమి. ఈ వారము తపాలాలో పంపుచున్నాము.